తినే గోధుమలు, విత్తే గోధుమలు

గత నెల మన సంఘ కార్యవర్గ సమావేశం రాత్రి పదకొండు గంటల వరకు సాగింది. లెక్కలు చదువుట, టీ త్రాగుట, వందన సమర్పణ, ఇంతటితో ఎనిమిదిన్నరకే ముగిసిపోయే సమావేశమది. ఆ రోజు అంత ఆలస్యమగుటకు కారణం ఒక ఉత్తరం. ఇక్కడే బరంపురంలో పుట్టి, మన ఆదివారం తెలుగు బడిలోనే ఓనమాలు దిద్దుకొని, ఇప్పుడు విదేశంలో పెద్ద ఉద్యోగం చేస్తున్న ఒక పెద్దమనిషి వ్రాసినది. బడికి కొత్త గది కట్టిస్తారట. పంతులుగారి జీతం అయిదేళ్ల పాటు తామే పంపుతారట. ఇక చందా పుస్తకం చంకన పెట్టుకొని ఇల్లిల్లూ తిరగనక్కర లేదట.

ఉత్తరం చదవగానే సగం మంది చప్పట్లు కొట్టారు. మనలో అందరికంటే పెద్దవారు, అందరమూ మామయ్యగారని పిలిచే ఆయన మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "బాబూ, రోజూ ఎవరో అన్నం తెచ్చి పెడుతూంటే మనకు పొయ్యి వెలిగించడం మరపు వస్తుంది సుమా!" అన్నారు. అప్పుడు కుర్రవాడైన మన సహాయ కార్యదర్శి లేచి, "ఇంట్లో బియ్యం లేనప్పుడు పొయ్యి వెలిగించి ఏం లాభమండీ మామయ్యగారూ?" అని అడిగాడు. ఆ రెండు మాటల మీదనే మూడు గంటలు గడిచినవి. చివరకు వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చుకొందామని వాయిదా వేశారు.

మినిట్సు వ్రాసే పని ఎప్పటివలె మాదే. ఇద్దరి మాటలూ వ్రాశాము. వ్రాసిన తరువాత ఇద్దరిదీ నిజమే అనిపించింది. ఇంటికి వచ్చి పడుకొన్నా నిద్ర పట్టలేదు. మన చిన్న సంఘంలో వచ్చిన ఈ తగాదాయే డెబ్బది ఏండ్లుగా ప్రపంచ దేశాల మధ్య నడుస్తున్నది గదా! ధనిక దేశాలు బీద దేశాలకు ఇచ్చే సహాయం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? మేము మెట్రిక్ దాటి చదువుకొన్నవారము కాము. ఆర్థికశాస్త్రం మాకు రాదు. కాని ఆఫీసులో ఇరవై ఏండ్లకు పైగా జమాఖర్చులు వ్రాస్తున్నాము. ఏ సొమ్ము జమకు వచ్చినా అది ఎందుకు వచ్చింది, ఎక్కడకు పోయింది అని చూచుట మా వృత్తి. ఆ కంటితోనే ఈ విషయాన్ని చూడదలచాము.

మామ్మగారి నూనె డబ్బా

మా ఇంటి అటక మీద ఒక పాత నూనె డబ్బా ఉన్నది. దాని మీద రెండు చేతులు కలిసిన బొమ్మ ఇంకా లీలగా కనిపిస్తుంది. అమెరికా సహాయానికి అది గుర్తు. మా మామ్మగారు అందులో చింతపండు పోసేవారు. కరువు రోజుల మాట వస్తే ఆవిడ ఇట్లా చెప్పేవారు: "ఒరే నాయనా, అన్నం తినే వాళ్లం, ఆ గోధుమల్ని ఏం చేసుకోవాలో మాకు తెలిస్తేనా? మీ తాతగారు క్యూలో నిలబడి తెచ్చేవారు. దంచి రవ్వ చేసి జావ కాచేదాన్ని. పిల్లలు మొహం చిట్లించేవారు. కాని ఆ పూటకు అదే పరమాన్నం రా!" ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలు ఊరకనే అనలేదు.

ఆ గోధుమల వెనుక కథ ఇది. 1954 జూలైలో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దానినే పి.ఎల్. 480 అంటారు. అక్కడ రైతులు పండించిన ధాన్యం గిడ్డంగులలో మిగిలిపోతున్నది. దానిని బీద దేశాలకు ఇచ్చి, డాలర్లకు బదులు ఆయా దేశాల నాణెంలోనే వెల పుచ్చుకొనే ఏర్పాటు చేశారు. మన దేశం 1956 ఆగస్టులో మొదటి ఒప్పందం చేసుకొన్నది. 1960 మే నెలలో ఇంకా పెద్ద ఒప్పందం కుదిరింది. నాలుగేండ్లలో 160 లక్షల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం దాని లెక్క. ఆనాటి ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్.

అందువల్ల జరిగిన మేలు చిన్నది కాదు. పట్టణాలలో ధరలు మితిమీరలేదు. డాలర్లు ఖర్చు కాకుండా ఆహారం వచ్చినందున, ఆ డాలర్లు యంత్రాలు కొనుటకు మిగిలినవి. మనం కట్టిన రూపాయలలో పెద్ద భాగాన్ని అమెరికావారు తిరిగి మన ప్రభుత్వానికే అప్పుగాను గ్రాంటుగాను ఇచ్చారు. ఇంకొక సంగతి చదువరులకు వింతగా ఉండవచ్చును. ఆ రూపాయలలో కొంత సొమ్ముతో 1962 నుండి మన దేశభాషల పుస్తకాలు కొని అమెరికాలోని గ్రంథాలయాలకు పంపారు. అందులో తెలుగు పుస్తకాలూ ఉన్నవి. ఇక్కడ చెదలు తిన్న పుస్తకం అక్కడ అలమరలో భద్రంగా ఉన్నదంటే, మా మామ్మగారు కాచిన గోధుమ జావకు దానితో చుట్టరికం ఉన్నదన్నమాట!

ఓడ వస్తేనే కూడు

జమ చూచాము. ఇక ఖర్చు చూద్దాము.

చవక గోధుమలు వస్తూ ఉంటే మన పాలకులకు సేద్యం మీద తొందర తగ్గిందని అనేకులు ఆక్షేపించారు. ధర పెరగనప్పుడు రైతు ఎందుకు ఎక్కువ పండిస్తాడని వారి ప్రశ్న. దీనిపై ఆర్థికవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. అది ఎట్లున్నా, 1965లో అసలు పరీక్ష వచ్చింది. 1964-65లో దేశంలో దాదాపు 890 లక్షల టన్నుల ధాన్యం పండగా, వానలు లేక 1965-66లో అది దాదాపు 720 లక్షల టన్నులకు పడిపోయింది. మరుసటి సంవత్సరమూ కరువే. 1966లో విదేశాల నుండి తెచ్చుకొన్న ధాన్యం కోటి టన్నులకు పైమాట.

సరిగా ఆ సమయంలోనే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ధాన్యాన్ని ఏండ్ల ఒప్పందంగా కాక, కొద్ది నెలలకు సరిపడా మాత్రమే మంజూరు చేయసాగాడు. సేద్యం విధానం మార్చుకోండి అన్నది ఒక షరతు. వియత్నాం యుద్ధం విషయంలో మన దేశం పలికే మాటలు ఆయనకు నచ్చకపోవడం ఇంకొక కారణం. ఓడ రేవులో దిగితే గాని అన్నం లేని స్థితి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానుకోవలసిందని దేశాన్ని కోరింది ఆ రోజులలోనే. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. అంతకు ముందు డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఉండగా అది 7 రూపాయల 50 పైసలయింది. ఇందులో సహాయం చేసే సంస్థల వత్తిడి ఉన్నదని అందరికీ తెలిసినదే. పెట్టే చేయి పైన, పట్టే చేయి క్రింద. ఆ తేడా ఆ రెండేండ్లలో దేశానికి బాగా అర్థమయింది.

న్యాయం చెప్పవలెనంటే ఇక్కడ ఒక అపవాదును తీసివేయాలి. రోడ్ల ప్రక్కన, బంజరులో తెల్లని పూలతో పెరిగే వయ్యారిభామ మొక్క అందరమూ ఎరుగుదుము. ఒళ్లంతా దురద తెచ్చే మొక్క. అమెరికా గోధుమలతోనే అది వచ్చిందని ఊరూరా చెప్పుకొంటారు. కాని 1956 ఒప్పందానికి ముందే, 1955 ప్రాంతంలోనే దానిని పూనాలో చూచినట్లు శాస్త్రజ్ఞులు వ్రాశారు. కనుక తప్పంతా ఆ గోధుమల మీద మోపుట సరికాదు. సహాయాన్ని పొగిడేటప్పుడే కాదు, తిట్టేటప్పుడు కూడా తారీఖులు చూడవలెను.

అదే దేశం పంపిన ఇంకొక సంచి

ఈ కథలో మా మనసును పట్టినది ఇక్కడ నుండి ఉన్నది. 1964లో ఆహార శాఖ మద్రాసువాడైన సి. సుబ్రహ్మణ్యంగారి చేతికి వచ్చింది. ఆయన మొదట రైతుకు గిట్టుబాటు ధర ఉండాలన్నారు. 1965లో ఆహార సంస్థ, ధరల కమీషను ఏర్పడినవి. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ తయారుచేసిన పొట్టి గోధుమ విత్తనాలను మన శాస్త్రజ్ఞులు, ముఖ్యంగా ఎం.ఎస్. స్వామినాథన్, ఇక్కడ పరీక్షించారు. 1966లో 18,000 టన్నుల విత్తనాలను మెక్సికో నుండి తెప్పించారు. కరువు సంవత్సరంలో తిండికి కాక విత్తనానికి అంత సొమ్ము పెట్టుటకు ఎంత గుండె కావాలో ఆలోచించండి!

ఫలితం లెక్కలలోనే ఉన్నది. 1964-65లో దాదాపు 120 లక్షల టన్నులుగా ఉన్న గోధుమ పంట 1967-68లో 165 లక్షలు, 1970-71లో 238 లక్షల టన్నులయింది. పంజాబులో గోధుమలు పోయుటకు చోటు లేక 1968లో బడులు కూడా గిడ్డంగులుగా వాడుకొన్నారు. వరిలోనూ ఇదే కథ. అమెరికా ధర్మనిధుల సొమ్ముతో 1960లో ఫిలిప్పీన్సులో పెట్టిన వరి పరిశోధన కేంద్రం 1966లో ఐ.ఆర్. 8 రకాన్ని విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు దానిని తన పొలంలో పండించి, విత్తనంగా నలుగురికీ అందించి, "మిస్టర్ ఐ.ఆర్. 8" అనిపించుకొన్నారు. ఆ పంటలకు ఎరువులు, నీళ్లు ఎక్కువ పట్టి, తరువాత కాలంలో భూమికి, బావులకు చేటు వచ్చిన మాట కూడా నిజమే. కాని రేవులో ఓడ కోసం ఎదురుచూచే గతి తప్పింది.

బోర్లాగ్ పరిశోధన వెనుక అమెరికా ధర్మనిధి సొమ్మే ఉన్నది. జావ గోధుమలూ అక్కడివే. ఒక సంచి తిన్నాము, అయిపోయింది. ఇంకొక సంచి విత్తాము, నిలిచింది. రెంటికీ సహాయమనే పేరు. రెండూ ఒకటి కావు.

పి.ఎల్. 480 బాకీలో పెద్ద భాగాన్ని అమెరికా 1974లో వదులుకొన్నది. ఆ ఫిబ్రవరి 18న రాయబారి మొయినిహన్ 1,664 కోట్ల రూపాయలకు చెక్కు వ్రాసి మన ప్రభుత్వానికి ఇచ్చాడు. గుమాస్తాలమైన మాకు ఆ చెక్కు మీద సున్నాలు తలచుకొంటేనే చేయి వణుకుతుంది.

ఉక్కు, షరతులు

మన ఒరిస్సాలోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. రూర్కెలా ఉక్కు కర్మాగారం పశ్చిమ జర్మనీ యంత్రాలతో, నిపుణులతో కట్టినది. మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మరునాడే ఆయన రష్యా సహాయంతో కట్టిన భిలాయి కొలిమినీ ప్రారంభించారు. భిలాయి అప్పుకు వడ్డీ నూటికి రెండున్నర. పన్నెండు వాయిదాలలో తీర్చే ఏర్పాటు. బొకారోకు మొదట అమెరికాను అడిగాము. ప్రభుత్వ రంగంలో కర్మాగారానికి సొమ్ము ఇచ్చుట అక్కడి శాసనసభ్యులకు ఇష్టం లేకపోయింది. 1963లో మన ప్రభుత్వం ఆ కోరిక ఉపసంహరించుకొన్నది. 1965లో రష్యాతో ఒప్పందమయింది. ఒక అంగడిలో దొరకని సరుకు ఎదుటి అంగడిలో దొరికింది. సహాయం చేసేవాడు ఒక్కడే అయితే అతడి మాట వేదం. ఇద్దరుంటే మన మాటకూ విలువ ఉంటుంది.

గంజాం జిల్లా నుండి ఎందరో తెలుగువారు రూర్కెలాలో స్థిరపడ్డారు. మా పినతండ్రిగారు వారిలో ఒకరు. కాని ఆ కర్మాగారం కొరకు భూములు విడిచిపోయిన ఆదివాసీ కుటుంబాల గోడు కూడా ఆయన నోటనే విన్నాము. "ఆ సహాయం మనకు జీతం ఇచ్చింది రా అబ్బాయీ, వాళ్లకు ఏం ఇచ్చింది?" అనేవారు. దేశానికి సహాయం వచ్చిందన్నప్పుడు, దేశంలో ఎవరికి అని కూడా అడగవలసి ఉన్నది.

ఇతర దేశాల అనుభవం

హైతీ అనే చిన్న దేశం ఒకప్పుడు తన బియ్యం తానే చాలావరకు పండించుకొనేది. అప్పులిచ్చేవారి సలహాపై 1990 దశకంలో బియ్యం దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించారు. అమెరికా బియ్యం వచ్చి పడింది. రైతు పొలం వదిలి పట్నం చేరాడు. ఆనాటి అమెరికా అధ్యక్షుడైన క్లింటనే 2010లో సెనేటు సంఘం ఎదుట అది తప్పిదమని ఒప్పుకొన్నారు. మలేషియాలో పెర్గావు ఆనకట్టకు బ్రిటను ఇచ్చిన సహాయం ఆయుధాల అమ్మకంతో ముడిపడినదని బయటపడి, ఆ సొమ్ము ఇచ్చుట చట్టవిరుద్ధమని 1994లో లండను హైకోర్టు తీర్పు చెప్పింది.

మరొక ప్రక్క మశూచి సంగతి చూడండి. రష్యా టీకాల మందు ఉచితంగా ఇచ్చింది. అమెరికా, స్వీడను సొమ్ము, మనుషులను ఇచ్చినవి. మన ఆరోగ్య కార్యకర్తలు వేల సంఖ్యలో ఇల్లిల్లూ వెదికారు. 1975 మే తరువాత మన దేశంలో ఎవరికీ అమ్మవారు సోకలేదు. 1980లో ప్రపంచమంతటా ఆ జబ్బు పోయినదని ప్రకటించారు. ఇంతకంటే సార్థకమైన సహాయం ఏమున్నది?

ఇక మొన్నటి మాట. అరవై ఏండ్లకు పైగా నడిచిన అమెరికా సహాయ సంస్థ, 1961లో కెనెడీ కాలంలో పుట్టినది, 2025 జూలై 1 నుండి సహాయ కార్యక్రమాలు నడుపుట మానివేసింది. ఆ సొమ్ము మీదనే నడిచే ఆస్పత్రులు, మందుల పంపిణీలు ఆఫ్రికాలో అనేక చోట్ల నిలిచిపోయినవి. సహాయం చెడ్డది కనుక ఆగినా మంచిదే అనేవారు, ఆ రోజు మందు దొరకని రోగి ఎదుట నిలిచి ఆ మాట అనగలరా? మేము అనలేము. కాని ఒక దేశపు మందుల ఖర్చు ఇంకొక దేశపు ఎన్నికల మీద ఆధారపడి ఉండుట ఎంత ప్రమాదమో కూడా ఆ రోజే తెలిసింది.

తుఫాను రాత్రి

మా ఆఫీసులో బంట్రోతు ఒకడు గోపాలపురం దగ్గరి పల్లెవాడు. తెలుగు మాట్లాడే నోలియాల కుటుంబం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటిన సంగతి మనలో ఎవరూ మరువలేదు. ఆ రాత్రి మేము బరంపురంలో తలుపుకు బల్ల అడ్డం పెట్టి కూర్చున్నాము. అతడి తల్లి, భార్య, పిల్లలు తుఫాను ఆశ్రయంలో ఉన్నారు. తెల్లవారి వెళితే అతడి ఇంటికి కప్పు లేదు, పడవ లేదు. మనుషులందరూ ఉన్నారు. "ఇల్లు మళ్లీ కట్టుకుంటాను బాబూ, అమ్మను కట్టుకోలేను గదా!" అన్నాడు.

1999 అక్టోబరు మహా తుఫానులో ఒరిస్సాలో దాదాపు పదివేల మంది పోయారు. 2013లో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించగా, పోయినవారు పదుల సంఖ్యలోనే ఉన్నారు. మన తీరంలోని ఆశ్రయాలలో కొన్ని జర్మనీ సహాయంతో రెడ్‌క్రాసు కట్టినవి. కొన్ని ప్రపంచ బ్యాంకు అప్పుతో 2011లో మొదలైన పథకం క్రిందివి. మరికొన్ని మన ప్రభుత్వపు సొమ్ముతో కట్టినవి. గోడలకు సొమ్ము ఎక్కడిదైనా సరే, తలుపు తాళం చెవి పల్లెవారి చేతిలో ఉన్నది. ముందుగా హెచ్చరించింది మన వాతావరణ శాఖ. ముసలివాళ్లను భుజాన వేసుకొని తెచ్చింది ఆ పల్లె కుర్రవాళ్లు. తాళం చెవి విదేశంలో ఉండి ఉంటే ఆ గోడలు ఎందుకు?

మన బడి మాట

ఇప్పుడు ఉత్తరం సంగతికి వద్దాము. చాలా ఏండ్ల క్రితం మన పఠనాలయానికి ఒక దాత మూడేండ్లు పత్రికల ఖర్చంతా ఇచ్చారు. పేరు ఇక్కడ అనవసరం. ఆయన దోషమేమీ లేదు కూడా. మొన్న పాత లెక్కల పుస్తకం తీసి చూచాము. ఆ మూడేండ్లలో సభ్యుల చందా పేజీ నెలనెలకూ చిక్కిపోయి, చివరికి తెల్ల కాగితమయింది. దాత మానుకొన్న తరువాత చందా అడుగుటకు వెళితే, "ఇంకా నడుస్తున్నదా?" అని అడిగారు కొందరు. ఆరు నెలలకు పఠనాలయం మూతపడింది. పత్రికలు పోయినందుకు కాదు, ఆ ప్రశ్నకు మాకు ఎక్కువ బాధ కలిగింది.

అందుచేత సర్వసభ్య సమావేశంలో మేము చెప్పదలచినది ఇది. గది కట్టించుకొందాము. అది విత్తనం వంటిది. ఒకసారి నాటితే మన పిల్లల పిల్లలకు నీడ. దాతగారికి మనఃపూర్వకంగా కృతజ్ఞత చెప్పుదాము. పంతులుగారి జీతం మాత్రం మన చందాల నుండే రావాలి. తక్కువపడితే మొదటి సంవత్సరం సగం, రెండవ సంవత్సరం పావు వంతు దాతగారి నుండి తీసుకొని, మూడవ సంవత్సరానికి మన కాళ్ల మీద నిలుద్దాము. ఏ పాఠం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది మన నిర్ణయంగానే ఉండాలి. ఈ మాట ఉత్తరంలో ముందే వ్రాసుకొందాము. తరువాత మొగమాటపడుట కన్న ముందు కొంచెం మొండితనం మేలు.

ఇట్లా అంటే దాతగారికి కోపం వస్తుందేమోనని కొందరి భయం. మన బడిలో చదివినవారు గనుక రాదని మా నమ్మకం. ఒకవేళ వస్తే, ఆ సొమ్ము ఎటువంటిదో ముందే తెలిసినట్లు గదా!

మామయ్యగారికి, సహాయ కార్యదర్శిగారికి మా మనవి ఒక్కటే. బియ్యం లేకపోతే అడిగి తెచ్చుకొందాము, తప్పు లేదు. కాని పొయ్యి మనమే వెలిగించుదాము. ఈ నెల చందా పుస్తకం మా వద్దనే ఉన్నది. వచ్చే ఆదివారం నుండి వస్తాము. దయచేసి ఎవరూ, "ఇంకా నడుస్తున్నదా?" అని అడగకండి.